రెండు కొవ్వొత్తుల లెక్క: ఒక ‘టోస్కా’ కేస్ స్టడీ

పుచ్చీని రాసిన ‘టోస్కా’ అనే ఒపెరా, అంటే మాటలన్నీ పాడే నాటకం, రెండో అంకం చివర. హత్య అయిపోయింది. తన ప్రియుడు, చిత్రకారుడు కావరదోస్సిని వదలాలంటే తనకి లొంగమన్న పోలీసు అధికారి స్కార్పియాని గాయని టోస్కా పొడిచేసింది, వాడు నేలమీద పడి ఉన్నాడు. "చచ్చాడు, ఇక క్షమించాను" అనేసింది టోస్కా. ఇక్కడినుంచి రెండో అంకం తెర పడేదాకా ఆర్కెస్ట్రా దాదాపు నాలుగు నిమిషాలు వాయిస్తుంది, కండక్టర్ని బట్టి కాస్త అటూ ఇటూ. ఆ నాలుగు నిమిషాల్లో ఆవిడ నోటివెంట వచ్చేది ఇంకొక్క వాక్యమే, అదీ పాటకంటే మాటకే దగ్గర. మిగతాదంతా చేతులతో చేసే పని. ఆ రోజు పియానో రిహార్సల్లో టోస్కా వేషం వేసే మా సోప్రానో (పై స్థాయిలో పాడే గాయని) సోఫాలో కూర్చుంది, ఫోను చూసుకుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. సంగీతం ఇంకా సగం మిగిలే ఉంది. ఆవిడ పాత్రలోంచి బయటికొచ్చి, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది. దర్శకుడు నావైపు చూశాడు. నేను సంగీతం రాసి ఉన్న స్కోరు పుస్తకం వైపు చూశాను.

జర్మనీలో ఒక మధ్యతరహా నగరంలోని ఒపెరా హౌస్‌లో నేను సహాయ దర్శకురాలిని. పుట్టింది తెనాలి దగ్గర. తాతయ్య పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు, నేను గుంటూరులో చర్చిలో కీబోర్డు వాయించేదాన్ని. అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చానన్నది వేరే కథ. మా ఉద్యోగం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. రిహార్సల్స్‌లో దర్శకుడి పక్కన కూర్చుని, ఎవరు ఏ బారులో (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) ఎటు నడిచారో, ఏ వస్తువు ఏ చేత్తో తీశారో పియానో స్కోరులో తెల్లకాగితాలు కలిపి కుట్టించుకుని రాసుకుంటాం. ప్రీమియర్ అయిన మర్నాడు దర్శకుడు సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ షో ఆడుతూనే ఉంటుంది. పెళ్లి చేసేది ఆయన, కాపురం నిలబెట్టేది మేము. అందుకే ఒపెరాని పాత పద్ధతిలో ఆడాలా, కొత్తగా ఆడాలా అన్న గొడవ నాకు సిద్ధాంతంగా ఎప్పుడూ ఎదురు కాలేదు. సాయంత్రం ఏడున్నరకి తెర లేచేలోగా తేల్చాల్సిన పనిగానే ఎదురైంది.

పాత ప్రొడక్షన్

మా హౌస్‌లో అంతకుముందు ఉన్న ‘టోస్కా’ నేను పుట్టకముందు కట్టినది. గుడ్డమీద రంగులతో వేసిన చర్చి, ఎర్ర వెల్వెట్ గది, కోట పైకప్పు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఇది వింతేం కాదు. వియన్నా స్టేట్ ఒపెరాలో మార్గరేటె వాల్‌మన్ 1958లో చేసిన ‘టోస్కా’ అరవై ఏళ్లు దాటినా ఆడుతూనే వచ్చింది. ఆరువందల పైచిలుకు ప్రదర్శనలు. బెర్లిన్ డాయిషె ఒపెరాలో బోలెస్లావ్ బార్లోగ్ 1969లో చేసినదీ అంతే. తాతల కాలం నాటి ఇల్లు మనవలు సున్నం వేసుకుని వాడుకుంటున్నట్టు.

దీనికో కారణముంది. ‘టోస్కా’ కథకి ఊరూ తేదీ కూడా ఉన్నాయి. 1800 జూన్ నెల, రోమ్ నగరం, ఒక మధ్యాహ్నం మొదలై మర్నాడు తెల్లవారేసరికి అయిపోతుంది. మొదటి అంకం సాంతాంద్రేయా దెల్లా వల్లే చర్చి, రెండోది ఫర్నేసే భవనం, మూడోది సాంత్ ఆంజెలో కోట. మూడూ ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. 1992లో ఇటలీ టీవీ వాళ్లు అదే స్థలాల్లో, అదే వేళల్లో ప్రత్యక్ష ప్రసారంగా ఈ ఒపెరాని ఆడించారు. ఆర్కెస్ట్రాని నడిపింది మన జుబిన్ మెహతా. పుచ్చీని కూడా తెల్లవారుజామున గంటలు ఎలా వినిపిస్తాయో తెలుసుకోవడానికి ఆ కోట మీదికి ఎక్కి విన్నాడు, సెయింట్ పీటర్స్ పెద్ద గంట ఏ స్వరంలో మోగుతుందో కనుక్కుని మరీ స్కోరులో పెట్టాడు. అంత పట్టుదలతో రాసిన మనిషి ఒపెరాని ఇంకో ఊరికి, ఇంకో కాలానికి మార్చడం తేలిక కాదు.

పాత ప్రొడక్షన్ గొప్పదని నేననను. మొదటి అంకం చివర్లో వచ్చే తె దేఉం అనే చర్చి ప్రార్థన ఊరేగింపులో దివిటీలు పట్టుకున్న ఎనిమిదిమంది కుర్రాళ్లు ఎడమ వైపునుంచి వచ్చి, కుడి వైపు వెళ్లి, వెనక నుంచి పరుగెత్తి మళ్లీ ఎడమ వైపునుంచి వచ్చేవాళ్లు. ముందు వరుసలో కూర్చుంటే వాళ్ల ఆయాసం వినబడేది. కావరదోస్సి వేషం వేసే టెనర్ సరాసరి స్టేజీ అంచుకి వచ్చి, కాళ్లు ఎడంగా పెట్టి, మూడో అంకంలో తన పాట అందుకునేవాడు. మన పద్యనాటకంలో మైకు దగ్గరికొచ్చి పద్యం ఎత్తుకున్నట్టే. అక్కడ వన్స్ మోర్, ఇక్కడ బ్రావో. నాకది ముచ్చటే, కానీ దాన్ని నటన అని ఎవరన్నా అంటే ఒప్పుకోలేను.

అందులో ఒక్కటి మాత్రం ఏ రోజూ చెడిపోలేదు. రెండో అంకం చివర శవం తలకి అటూ ఇటూ టోస్కా పెట్టే కొవ్వొత్తులు. నిజమైన మంటే వాడేవాళ్లం. వింగ్‌లో ఫైర్‌మన్ నిలబడేవాడు. ప్రాప్స్ చూసే పెద్దాయన మధ్యాహ్నమే రెండు కొవ్వొత్తులనీ ఒకసారి వెలిగించి ఆర్పి, వత్తి కత్తిరించి పెట్టేవాడు. ఒకసారి కాలిన వత్తి రెండోసారి టక్కున అంటుకుంటుంది. కొత్త వత్తయితే టోస్కా రెండు బార్లు వెనకబడిపోతుంది. ఆ పని ఆయనకి ఎవరూ నేర్పలేదు, ఏ కాగితం మీదా రాసి లేదు. ఆయన రిటైరయ్యాక నేను రాశాను.

కొత్త ప్రతిపాదన

కొత్త దర్శకుడు చెప్పిన ఆలోచన ఇది: కథ ఇవాళ్టిది. చర్చి రిపేర్లలో ఉంది, కావరదోస్సి పరంజా మీద పాత బొమ్మలు బాగుచేసే మనిషి. స్కార్పియా ఒక భద్రతా సంస్థ అధిపతి, ఆఫీసు గోడంతా సీసీ కెమెరాల తెరలు. మూడో అంకం అదే భవనం మీది డాబా.

ఇందులో కొత్తేముంది అనొచ్చు. నిజమే. జోనథన్ మిల్లర్ 1986లోనే ఫ్లోరెన్స్‌లో ‘టోస్కా’ని 1944 నాటి రోమ్‌కి, నాజీల కాలానికి మార్చేశాడు. అసలు ఈ తోవ ఇంకా పాతది. యుద్ధం తర్వాత 1951లో బైరాయిత్‌లోని వాగ్నర్ ఒపెరా ఉత్సవం మళ్లీ మొదలైనప్పుడు వీలాండ్ వాగ్నర్ తాతగారి ఒపెరాల్లోంచి చెట్లూ కొండలూ పీకేసి, ఖాళీ స్టేజీ మీద వెలుగు మాత్రం మిగిల్చాడు. 1976లో పాట్రీస్ షెరో అదే బైరాయిత్‌లో వాగ్నర్ ‘రింగ్’ ఒపెరాల్లోని రైన్ నదిని జలవిద్యుత్ ఆనకట్టగా చూపించాడు. మొదటి ఏడాది ఈలలు, తిట్లు. 1980లో ఆఖరిసారి ఆడినప్పుడు గంటకు పైగా చప్పట్లు. ఈ కథ విన్న ప్రతి కుర్ర దర్శకుడూ తనని జనం తిడితే తానూ షెరోనే అనుకుంటాడు. తిట్లు తిన్నవాళ్లలో చాలామందికి ఆ తర్వాత చప్పట్లేమీ రాలేదు.

సంప్రదాయం అనే మాటతోనూ జాగ్రత్తగా ఉండాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 2009 సెప్టెంబరులో లూక్ బోండీ కొత్త ‘టోస్కా’ పెట్టాడు. కొవ్వొత్తులు తీసేశాడు. మొదటి రాత్రే దర్శక బృందం స్టేజీ మీదికి రాగానే హాలంతా ‘బూ’ అని అరిచింది. మా సంప్రదాయం పోయిందని వాళ్లు ఏడ్చింది 1900 నాటి దాని గురించి కాదు, జెఫిరెల్లీ 1985లో కట్టిన భారీ సెట్టు గురించి. పాతికేళ్లు కూడా నిండలేదు దానికి. మనం చిన్నప్పుడు చూసినదే మనకి సంప్రదాయం. చివరికి 2017 డిసెంబరు 31న డేవిడ్ మెక్‌వికర్ చేతిలో అక్కడ 1800 నాటి రోమ్ మళ్లీ వచ్చింది, కొవ్వొత్తులతో సహా.

మా దర్శకుడికి ఇదంతా తెలుసు. ఆయన వాదన: "ఆ కొవ్వొత్తులు ఫ్రెంచి రచయిత సార్దూ నాటకంలోవి. 1887లో నటి సారా బెర్నార్ కోసం రాసింది. ఆవిడ ఆడగా పుచ్చీని చూసి ముచ్చటపడ్డాడు. ఒక నటి చేసిన తమాషాని నూట ఇరవై ఏళ్లుగా మోస్తున్నాం. నా టోస్కా అంత భక్తురాలు కాదు." కండక్టర్ పెద్దగా వాదించలేదు. "కొవ్వొత్తులు నాకక్కర్లేదు. కానీ ఆ బార్లలో ఏదో ఒకటి జరగాలి. జరగకపోతే నా ఆర్కెస్ట్రా గాల్లో వాయిస్తున్నట్టుంటుంది" అన్నాడంతే. నాకా రోజు ఆ మాట మామూలుగానే వినబడింది.

ఎక్కడ కుదిరింది

ముందు మొదటి అంకం గురించి, ఎందుకంటే అక్కడ కొత్త పద్ధతి పాతదాన్ని చిత్తుగా ఓడించింది. తె దేఉంని టీవీలో లైవ్‌గా చూపించే ప్రార్థనగా పెట్టాడు. కోరస్ మొత్తం కెమెరాల వైపు తిరిగి, ముఖాల మీద భక్తి సర్దుకుని నిలబడింది. స్కార్పియా కెమెరాల వెనక చీకట్లో ఉన్నాడు. అడుగున రెండు గంటలు బీ ఫ్లాట్, ఎఫ్, బీ ఫ్లాట్, ఎఫ్ అని ఆగకుండా ఊగుతూ ఉంటాయి, పైన ఆర్గన్, నడుమ ఫిరంగి. దర్శకుడు ఆ గంటల్ని లెక్కపెట్టాడు. ఇన్ని గంటలకి ఒక అడుగు చొప్పున స్కార్పియా చీకట్లోంచి వెలుగులోకి వస్తాడు. "టోస్కా, నువ్వు నన్ను దేవుణ్ణే మరిచిపోయేలా చేస్తున్నావు" అనే చోటికి సరిగ్గా కెమెరా ముందుకి చేరి, మోకాళ్ల మీద పడి, అందరితో కలిసి ప్రార్థన అందుకుంటాడు. దివిటీల కుర్రాళ్ల పరుగులు లేవు. పాతికమంది కదలకుండా నిలబడితే ఒక్కడు నడిచాడు. నేను ఆ సన్నివేశం నలభైసార్లకి పైగా చూసి ఉంటాను. ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రెండో అంకం మధ్యలో ఇంకో రకం చిక్కు వచ్చింది. బోనపార్ట్ మరెంగో యుద్ధంలో గెలిచాడన్న కబురు వస్తుంది, కావరదోస్సి విజయం, విజయం అని కేక పెడతాడు. ఇవాళ్టి కథలో బోనపార్ట్ ఎవరు? సింగర్ ఇటాలియన్‌లో ఆ పేరే పాడతాడు, స్టేజీ పైన అనువాదం చూపించే సర్‌టైటిల్స్‌లో మనం ఇంకోటి వెయ్యాలి. 1983లో టొరంటోలో మొదలయ్యాయి ఈ సర్‌టైటిల్స్. అంతకుముందైతే జనానికి అర్థం కాదులే అని దాటెయ్యొచ్చు. ఇప్పుడు హాలంతటికీ అర్థమైపోతుంది. దర్శకుడు "తిరుగుబాటుదారులు గెలిచారు" అని వెయ్యమన్నాడు. ప్రీమియర్ రోజు ‘బోనపార్ట్’ అని చెవిన పడగానే పైన ‘తిరుగుబాటుదారులు’ అని చదివి బాల్కనీలో కొంతమంది కిసుక్కున నవ్వారు. రెండో ప్రదర్శన నుంచి పేరు ఉన్నదున్నట్టు వేశాం. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఇవాళ్టి ఆఫీసులో బోనపార్ట్ పేరు వినబడితే జనం సర్దుకుపోతారు. చెవికొకటీ కంటికొకటీ ఇస్తే ఊరుకోరు.

నాలుగు నిమిషాలు

మళ్లీ ఆ పియానో రిహార్సల్‌కి వస్తాను. ఆ సాయంత్రం స్కోరు ఇంటికి తీసుకెళ్లి, పుచ్చీని ఆ నాలుగు నిమిషాల్లో ఏ బారు మీద ఏం రాశాడో ఒక కాగితం మీద వరసగా దింపాను. నీళ్ల సీసా తీసుకుని రుమాలు తడిపి వేళ్లు తుడుచుకుంటుంది. అద్దంలో జుట్టు సర్దుకుంటుంది. ఊరు దాటడానికి స్కార్పియా రాసిచ్చిన అనుమతి పత్రం గుర్తొచ్చి బల్ల మీద వెతుకుతుంది. దొరకదు. చూస్తే శవం పిడికిట్లో ఉంది. చెయ్యి ఎత్తి, కాగితం లాక్కుని, చెయ్యి వదిలేస్తే దభీమని పడుతుంది. "వీడి ముందా రోమ్ నగరమంతా వణికింది" అన్న ఆ ఒక్క వాక్యం అప్పుడు. వెళ్లబోయి ఆగుతుంది. రెండు కొవ్వొత్తులు వెలిగిస్తుంది. ఒకటి తలకి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క. గోడ మీద సిలువ కనబడితే తీసి, మోకరించి, ఛాతీ మీద పెడుతుంది. దూరంగా డ్రమ్ములు. మెల్లిగా తలుపు మూసుకుని వెళ్లిపోతుంది.

పక్కనే సంగీతం రాసుకున్నాను. అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. వెతకడానికి వెతుకులాట సంగీతం ఉంది. చెయ్యి పడడానికి ఒక దెబ్బ ఉంది. మొదటి కొవ్వొత్తికో స్వరాల ముక్క, రెండోదానికో ముక్క, మోకరించడానికి ఆర్కెస్ట్రా కిందికి దిగుతుంది. మా సోప్రానో సోఫాలో ఖాళీగా కూర్చున్నప్పుడు సంగీతం ఎక్కువైనట్టు అనిపించింది కానీ, నిజానికి పని తక్కువైంది. ఈ వరస పుచ్చీని అలంకారానికి రాసింది కాదు, ఈ పనుల నడకే ఆ సంగీతం. కొవ్వొత్తి తీసెయ్యొచ్చు. దాని బాకీ మాత్రం స్కోరులో అలాగే ఉంటుంది, ఇంకేదన్నా పెట్టి తీర్చాల్సిందే.

మర్నాడు ఆ కాగితం దర్శకుడికి ఇచ్చాను. ఆయనకి కోపం వస్తుందనుకుని కొంచెం టెన్షన్ పడ్డాను. ఆయన చదివి, "క్యాథలిక్ తంతు" అని పక్కన పెట్టబోయాడు. అప్పుడు అన్నాను: మా ఊళ్లో మనిషి పోతే తల దగ్గర దీపం పెడతారు, మేం క్యాథలిక్కులం కాదు, మా పక్కింటి వాళ్లు హిందువులు, వాళ్లూ పెడతారు. చనిపోయినవాణ్ణి చీకట్లో వదిలెయ్యకూడదంతే. సోప్రానో అందుకుంది, తనది జార్జియా దేశం: "మా ఇంట్లోనూ అంతే. దీపం లేకుండా నాకు మోకాళ్లు వంగవు." ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆఫీసు బల్ల మీది రెండు ల్యాంపుల వైపు చూశాడు.

మిగతాది ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. నీళ్ల సీసా ప్లాస్టిక్‌ది, టిష్యూలతో వేళ్లు తుడుచుకోవడం. అద్దం బదులు ఆరిపోయిన మానిటర్‌లో తన ముఖం చూసుకోవడం, ఇది పాతదానికంటే బాగుంది. కాగితం కాగితమే. గోడమీద తెరలు ఒక్కొక్కటే ఆర్పడం, ఆ తర్వాత రెండు టేబుల్ ల్యాంపులు దించి శవం తలకి అటొకటి, ఇటొకటి. సిలువ ఆఫీసు గోడ మీద ఉండదు కాబట్టి తన మెడలోని గొలుసు తీసి ఛాతీ మీద పెట్టడం. సోప్రానోకి ఒక్కసారి చెబితే సరిపోయింది.

ఫలితం ఎలా తెలిసిందంటే, దగ్గుల వల్ల. ఒపెరా హాల్లో జనానికి ఏం చూడాలో తెలియనప్పుడు దగ్గు వస్తుంది. సోఫా వెర్షన్‌ని ఒకసారి లోపలివాళ్ల ముందు నడిపినప్పుడు ఆ నాలుగు నిమిషాలూ దగ్గులే. ల్యాంపుల వెర్షన్‌కి ఫైనల్ రిహార్సల్లో ఎవరూ కదల్లేదు.

ప్రీమియర్‌లో మాత్రం పరువు పోయింది. ఎడమ ల్యాంపు వైరు బల్ల కాలికి చుట్టుకుంది. సోప్రానో లాగింది, రాలేదు. ఇంకోసారి లాగితే ల్యాంపు నిలువునా స్కార్పియా పొట్ట మీద పడింది, శవం ఉలిక్కిపడింది. నవ్వులు. చివర్లో దర్శకుడు వంగి దండం పెడితే సగం హాలు బూ అని, సగం హాలు బ్రావో అని. వైరు గురించి నేనే ముందు ఆలోచించి ఉండాల్సింది. కొవ్వొత్తి వత్తిని మధ్యాహ్నమే కత్తిరించే పెద్దాయన ఉంటే వైరుని కూడా చూసేవాడు. మర్నాడే బ్యాటరీ ల్యాంపులు తెప్పించాం.

ఎక్కడ కుదరలేదు

మూడో అంకంలో ఆ లెక్క మేం చెయ్యలేదు. కావరదోస్సిని కాల్చేసే చోట దర్శకుడు ఇంజెక్షన్ అన్నాడు, కానీ స్కోరులో తుపాకులు పేలే చోటు రాసే ఉంది, అందుకని అక్కడ ఆయన వెనక్కి తగ్గాడు. అసలు కథలో టోస్కా ఆఖర్లో కోట గోడ మీంచి దూకి చనిపోతుంది, అక్కడ మాత్రం తగ్గలేదు. ఆయన టోస్కా దూకదు, తెల్లటి వెలుగులోకి నడుస్తుంది, తెర పడుతుంది. ఆ సంగీతం పరుగెత్తుతుంది, మా టోస్కా నడుస్తుంది. నాలుగు రిహార్సల్స్‌లో నాలుగు రకాలుగా నడిపించి, ఇక టైం లేక అలాగే వదిలేశాం.

దాని ఖరీదు రెండో సీజన్లో తెలిసింది. ఒక రోజు పొద్దున సోప్రానోకి గొంతు పోయింది. వేరే ఊరినుంచి ఒకావిడ మధ్యాహ్నం రైలుకి దిగింది. పాత ప్రొడక్షన్ అయితే ఇది పెద్ద విషయం కాదు. కొవ్వొత్తులు ఎక్కడ, సిలువ ఎక్కడ, గోడ ఎటు అని చూపిస్తే గంటలో సిద్ధం, ఎందుకంటే ప్రపంచంలో ప్రతి టోస్కాకీ ఆ వరస ఒంటికి పట్టి ఉంటుంది. సంప్రదాయానికి ఉన్న అసలు బలం నాకు అక్కడ కనబడింది. కొత్త ప్రొడక్షన్‌కి మూడు గంటలు పట్టింది, అదీ తొందర తొందరగా.

ఆశ్చర్యమేమిటంటే, ఆవిడ రెండో అంకం చివర ఒక్క తప్పూ చెయ్యలేదు. వింగ్‌లో స్కోరు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. తనకి అలవాటైన కొవ్వొత్తి వెలిగించే బారు రాగానే చెయ్యి దానంతటదే ల్యాంపు మీదికి వెళ్లింది. రెండో స్వరాల ముక్క, రెండో ల్యాంపు. మోకరించే బారులో మెడ దగ్గరికి చెయ్యి. వస్తువులు మారాయి, ఒళ్లు మాత్రం దారి తప్పలేదు.

మూడో అంకంలో దారి తప్పింది. ఆఖరి సంగీతం మొదలవగానే ఆవిడ అలవాటుగా పరుగెత్తింది, గోడ ఉండాల్సిన చోటికి. అక్కడ గోడ లేదు. డాబా అంచున, చేతులు సగం ఎత్తి, ఎటు వెళ్లాలో తెలియక అలా నిలబడిపోయింది. నేను వింగ్‌లోంచి వెలుగు వైపు చెయ్యి ఊపుతూనే ఉన్నాను, ఆవిడ చూడలేదు. తెర పడింది. బయట లాబీలో ఒక పెద్దాయన ఆ చివరి నిలుపు అద్భుతం, ఎంత ధైర్యమైన దర్శకత్వం అని భార్యతో చెబుతున్నాడు.

ఆ రాత్రి స్కోరులో ఆ పేజీ మీద తేదీ వేసి, ‘గెస్ట్ గోడ దగ్గరికి పరుగెత్తింది, సంగీతం కూడా’ అని పెన్సిల్‌తో రాశాను. వచ్చే సెప్టెంబరులో మళ్లీ ఆడుతున్నాం. దర్శకుడికి ఆ పేజీ ఫొటో తీసి పంపాను. డాబాకి నడుమెత్తు గోడ కట్టడానికి ఎంతవుతుందో కార్పెంటర్ షాపులో అడగమని జవాబిచ్చాడు. అడిగాను, లెక్క ఇంకా రావాలి.